ఎలుక ఒకటి, శాస్త్రవేత్తలు ఇరవై నలుగురు

మా మేనల్లుడు ఈ వేసవిలో శాస్త్రవేత్త అయ్యాడు. నాలుగు వారాల ల్యాబ్ ట్రైనింగ్ కోర్సు, పన్నెండు వేలయింది. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది కాబట్టి ఇది చవకే అని మా అక్క లెక్క. హబ్సిగూడలో వాళ్ల హాల్లో, టీవీ పక్కన, అందరికీ కనబడేలా సర్టిఫికెట్ నిలబెట్టింది. బంగారు రంగు అంచు మధ్య 'హ్యాండ్స్ ఆన్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ యానిమల్ హ్యాండ్లింగ్' అని ఉంది, అంటే జంతువులను స్వయంగా చేత్తో పట్టిన అనుభవం. ఆ 'హ్యాండ్స్ ఆన్' దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. ఎవరి చేతులు, దేని మీద?

మన ఊరికి సర్టిఫికెట్లు కొత్త కాదు. అమీర్‌పేటలో గోడ కనబడకుండా కోర్సుల బోర్డులే. అక్కడ కూడా మొదట మౌస్ పట్టుకోవడమే నేర్పుతారు. కాకపోతే ఆ మౌస్‌కి ప్రాణం ఉండదు. ఎంతమంది పట్టుకున్నా దానికి గుండె దడ రాదు.

మావాడికి సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ ఊరి చివరెక్కడో ఉందనుకోండి, చాలు. మొదటి వారం పవర్‌పాయింట్. రెండో వారం కూడా పవర్‌పాయింటే, కరెంటు పోయిన గురువారం తప్ప. మూడో వారం ఎలుక వచ్చింది. ఒక్కటే. తెల్లటి విస్టార్ ఎలుక. 1906లో అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైన వంశం. ఎన్ని మందులకు, ఎన్ని పరిశోధనలకు ప్రాణాలిచ్చిన వంశమో. ఈ వంశోద్ధారకుడికి పడిన డ్యూటీ ఫోటోలు దిగడం.

ఇరవై నలుగురు విద్యార్థులు, మూడు తెల్లకోట్లు. కోటు తొడుక్కోవాలి, గ్లవ్స్ వేసుకోవాలి, మాస్కు గడ్డం కిందికి లాక్కోవాలి (మొహం పడకపోతే ఎవరో ఎలా తెలుస్తుంది?), ఎలుకను ఎత్తాలి, 'కళ్లు మూశాన్రా, ఇంకోటి తియ్' అనాలి, దించాలి, కోటు విప్పి వెనకవాడికివ్వాలి. పెళ్లి స్టేజీ మీద క్యూ ఇలాగే నడుస్తుంది. అయితే అక్కడ పెళ్లికొడుక్కి మధ్యలో ఎవరో ఒకరు కూల్‌డ్రింక్ అందిస్తారు. పన్నెండో మనిషి దగ్గరికొచ్చేసరికి ఎలుక కోటు మీద మూత్రం పోసింది. అది భయంతో చేసిన పని అని ఎవరికీ తట్టలేదు. కోటు పాడైందని మాత్రం అందరికీ తట్టింది. ఇక రెండు కోట్లే, క్యూ ఇంకా నెమ్మదించింది. పదిహేడో అమ్మాయి స్లోమోషన్ వీడియో అడిగింది. పంతొమ్మిదోవాడు ఎలుక కెమెరా వైపు చూడట్లేదని విసుక్కున్నాడు.

ఎలుక నిశాచరం. ల్యాబుల్లో వాటికి పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి లెక్కగా ఇస్తారు. వెలుతురులో పడుకుంటాయి, చీకట్లో తిరుగుతాయి. పొద్దున పదకొండింటికి దాన్ని లేపి ఎత్తుకోవడమంటే, అర్ధరాత్రి మనల్ని మంచం మీంచి లేపి ఆధార్ ఫోటోకి నవ్వమన్నట్టు.

అలాగని అక్కడ నీతినియమాలు లేవనుకునేరు. 1959లో రస్సెల్, బర్చ్ అని ఇద్దరు ఇంగ్లండు శాస్త్రవేత్తలు జంతువుల మీద ప్రయోగాలకు మూడు సూత్రాలు చెప్పారు: జంతువుకు బదులు ఇంకో దారి చూడండి, తప్పకపోతే సంఖ్య తగ్గించండి, బాధ తగ్గించండి. మనవాళ్లు మూడూ పాటించారు. శాస్త్రవేత్తకు బదులు పవర్‌పాయింట్ పెట్టారు. ఇరవై నలుగురికీ ఒకటే ఎలుకతో సరిపెట్టారు. బాధంటారా, ఫీజు రెండు వాయిదాల్లో కట్టుకోనిచ్చారు.

అక్కవాళ్లింటికి దగ్గర్లోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడు కొండల్లోని కూనూరులో మెకారిసన్ అనే బ్రిటిష్ డాక్టరు ఒక్క గదిలో మొదలుపెట్టింది, 1958లో ఇక్కడికి వచ్చింది. ఆయన ఎలుకలకు మన దేశంలో ఒక్కో ప్రాంతంవాళ్లు తినే తిండి పెట్టి, ఏ తిండితో ఎలా పెరుగుతాయో చూశాడు. ఆయన దగ్గర ఒక ప్రశ్న ఉంది. మావాణ్ని అడిగాను, మీ ప్రశ్న ఏమిట్రా అని.

"ప్రశ్నలా మామయ్యా? లాస్ట్‌లో క్విజ్ పెట్టారు. గూగుల్ ఫామ్."

ఇక్కడిదాకా నవ్వుకుంటూనే విన్నాను. చివరి రోజు డిసెక్షన్ అన్నాడు. ఈసారి మూడు ఎలుకలను తెచ్చి చంపారట. ఏం వెతికార్రా అన్నాను. "ఏం లేదు మామయ్యా, లివర్ ఎక్కడుందో చూశాం."

ఎక్కడుంటుంది? ఎప్పుడూ ఉండేచోటే ఉంటుంది! ఆ బొమ్మ నీ ఫోన్లో ఉంది, వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 17వ సెక్షన్ తీసి చూడండి. పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో పని జరిగేచోట జంతువుల జోలికి పోవద్దనీ, చేతికి నేర్పు రావడం కోసమే ప్రయోగాలు వీలైనంతవరకు చేయొద్దనీ అరవై ఏళ్ల కిందటే రాసిపెట్టారు. ప్రయోగం ఏమిటో, ఎన్ని జంతువులు కావాలో ముందే నైతిక కమిటీకి చెప్పి అనుమతి తీసుకోవాలి. ఈ మూడింటికీ ఏ కమిటీ సంతకం పెట్టిందిరా అంటే, బ్రోషర్ మీద 'అప్రూవ్డ్' అని ఉందన్నాడు. ఒక జబ్బుకు మందు వెతుకుతూ చంపితే, చంపినవాడు కనీసం లెక్క చెప్పాలి. పన్నెండు వేలు కట్టినవాళ్లకు ఏదో ఒకటి చూపించాలని మూడు ప్రాణాలు తీస్తారా? మీకు సిగ్గుందా? మీ బ్రోషర్ చింపి పొయ్యిలో పెట్టా!

వాడు అక్కడ నేర్చుకున్నది ఒకటుంది, అదీ ఆ సార్ల దగ్గర కాదు. బోనులు కడిగే అన్న దగ్గర. మొదటిసారి వీడు ఎలుకను తోక పట్టుకుని లేపబోతే ఆయన వీడి చెయ్యి ఆపాడట. "తోక పట్టకు బిడ్డా. నిన్ను జుట్టు వట్టి లేపితే ఎట్లుంటది?" అని, రెండు అరచేతులు దోసిలిలా కలిపి కిందినుంచి ఎత్తి చూపించాడట. వీడు నాకు ఆ దోసిలి చేసి చూపించాడు, చేతులు అలాగే కాసేపు పట్టుకుని ఉన్నాడు. చివరి రోజు కూడా, ఎవరూ చెప్పకుండానే, మిగతా ఎలుకల కంట పడకుండా వాటి బోనులన్నీ ఆయనే ముందుగా వరండాలోకి తోసేసి తలుపు మూసి వచ్చాడట.

సర్టిఫికెట్ మీద మూడు సంతకాలున్నాయి. ఆయనది లేదు.

నిన్న అక్క ఫోన్ చేసింది. దసరా బ్యాచ్ పెడుతున్నారట, ఇద్దర్ని చేర్పిస్తే మనిషికి వెయ్యి తగ్గిస్తారట. "ఒరేయ్, మీ అపార్ట్‌మెంట్‌లో బయోటెక్ పిల్లలెవరైనా ఉన్నారేమో కనుక్కో" అంది.