ఇంగ్లీషు భయం గారికి రెండు రోజుల సెలవు

గౌరవనీయులైన ఇంగ్లీషు భయం గారికి,

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటు నుంచి క్వాలిటీ సూపర్‌వైజరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

అసలు ఈ ఉత్తరం ఇంగ్లీషులోనే రాయాలి. మన పరిచయమంతా ఆ భాష పుణ్యమే కదా. కానీ ఆ భాషలో నాకు తప్పుల్లేకుండా వచ్చిన ఉత్తరం ఒక్కటే. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ప్లీజ్ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్.' ఆరో తరగతిలో బట్టీ పట్టించారు. అప్పట్నుంచి మా క్లాసులో ఎవరికి ఏమొచ్చినా జ్వరమే. అక్క పెళ్లికి వెళ్లినవాడికీ జ్వరమే, కడుపునొప్పితో మెలికలు తిరిగినవాడికీ జ్వరమే. కడుపునొప్పికి స్పెల్లింగు ఎవడికి తెలుసు?

మీరు మొదటిసారి మా బడికి వేంచేసిన రోజు నాకు బాగా గుర్తుంది. ఎనిమిదో తరగతి. మాస్టారు లేపి పాఠం చదవమన్నారు. 'ఐలాండ్' అనే మాటని అక్షరం పొల్లుపోకుండా 'ఇస్లాండ్' అని చదివాను. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వారు. పదో తరగతి పూర్తయ్యేదాకా నా పేరు ఇస్లాండుగాడు. చాలా ఏళ్ల తర్వాత తెలిసిందేమిటంటే, ఆ మాటలో ఎస్ అనే అక్షరం పూర్వం లేదట. అది లాటిన్ నుంచి వచ్చిన మాట అనుకుని పాతకాలం పండితులు ఆ అక్షరాన్ని మధ్యలో దూర్చారట. వాళ్లు చేసిన తప్పు డిక్షనరీకెక్కింది. నేను చేసిన తప్పు నా పేరుకెక్కింది.

అప్పట్నుంచి మీ సేవలోనే ఉన్నాను. నోరు తెరిచే ముందు వాక్యాన్ని తెలుగులో పరుచుకోవాలి. చివర ఉన్న క్రియని పీకి మధ్యలో నాటాలి. తర్వాత మాట ముందు 'ఎ' పెట్టాలా 'ద' పెట్టాలా అని ఆలోచించాలి. తాతముత్తాతలు ఎవరూ ఆ రెండూ లేక ఇబ్బంది పడిన దాఖలాలు లేవు, కానీ నాకు వచ్చిపడ్డాయి. అన్నీ సర్దుకుని తలెత్తేసరికి ఎదుటివాళ్లు ఆ విషయం వదిలేసి భోజనాల దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు.

మిమ్మల్ని వదిలించుకోవాలని డిగ్రీ అయ్యాక అమీర్‌పేట వెళ్లాను. హైదరాబాదులో ఇంగ్లీషు బోధన కోసం 1958లోనే ప్రత్యేకంగా ఒక కేంద్ర సంస్థ పెట్టారు, ఇప్పుడది పెద్ద విశ్వవిద్యాలయం. అయినా ఆ ఊళ్లో మీ వ్యాపారం ఏమాత్రం తగ్గలేదు సుమా. స్పోకెన్ ఇంగ్లీషు సారు రోజూ అరగంట అద్దం ముందు మాట్లాడమన్నాడు. మాట్లాడాను. ధారాళంగా వచ్చింది. ఎందుకొచ్చిందో అప్పుడు తట్టలేదు. అద్దంలోవాడు నవ్వడు కదండీ.

ఇక అసలు సంగతికొస్తాను. పోయిన నెల మా ప్లాంటుకి వియత్నాం నుంచి ఒక బయ్యరు వచ్చాడు. సరిగ్గా అదే రోజు మా ఎక్స్‌పోర్ట్ మేనేజరుకి నిజంగానే జ్వరం వచ్చింది. ఓనరు గారు నన్ను పిలిచి, నువ్వే చూపించరా అన్నారు. కాళ్లు చల్లబడ్డాయి. మీరు ఎప్పట్లాగే గొంతులో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఆ వియత్నాం ఆయన ట్రేలోంచి ఒక రొయ్యని తీసి వేళ్ల మధ్య నొక్కి, 'సాఫ్ట్' అన్నాడు. అంతే. ఆర్టికల్ లేదు, క్రియ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. 'యెస్, సాఫ్ట్' అన్నాను. ఎందుకని అడిగాడు. అమావాస్యకి రొయ్యలు పెంకు విడుస్తాయని, మొన్ననే అమావాస్య వెళ్లిందని చెప్పాలి. అమావాస్యకి ఇంగ్లీషు మాట రాలేదు. 'నో మూన్. ష్రింప్ చేంజ్ షర్ట్' అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. నా చెవులు ఎనిమిదో తరగతిలోలాగే వేడెక్కాయి. ఆయన నా భుజం తట్టి, 'వియత్నాం సేమ్!' అన్నాడు.

రెండు గంటలు తిరిగాం. ఐసు ఎంత, కౌంటు ఎంత అంటే కిలోకి ఎన్ని రొయ్యలు, తలకాయలు తీశాక బరువెంత తగ్గుతుంది, ఏ చెరువు సరుకు, మేతలో మందులు కలిపారా. ఇద్దరం కలిపి వాడిన మాటలు అరవై దాటి ఉండవు. మధ్యలో ఒక ప్రమాదం జరిగింది. 'యూ చెక్ ఆల్ బాక్స్?' అని అడిగాడు. మాది గోదావరి జిల్లా కదా, నోటి వెంట 'ఆయ్' అని వచ్చేసింది. ఆయన దాన్ని 'ఐ' అనుకున్నాడు. ప్రతి పెట్టె నేనే స్వయంగా విప్పి చూస్తానని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. దిద్దడానికి నా దగ్గర అంత గ్రామరు లేదు.

అప్పుడు తలుపు తీసుకుని ఓనరు గారి మేనల్లుడు వచ్చాడు. హైదరాబాదులో ఎంబీయే చేసిన కుర్రాడు. ఏమీ అనలేదు పాపం. ఒక మూల కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. బయ్యరు మామూలుగానే ఏదో ధర అడిగాడు. నాకు తెలిసిన ధరే. 'ఐ... యాక్చువల్లీ... ద ప్రైస్ ఈజ్... ఆర్...' అంటూ ఆగిపోయాను. చెమటలు పట్టాయి. ఆయన కంగారుపడి 'యూ సిక్?' అన్నాడు. జీవితంలో మొదటిసారి నా లీవ్ లెటర్ పనికొచ్చే సందర్భం.

మీ అసలు చిరునామా నాకు ఆ నిమిషంలో దొరికిందండీ. ఇన్నాళ్లూ మీది లండన్ అనుకున్నాను. సముద్రాలు దాటొచ్చిన మనిషి ముందు మీరు రెండు గంటలసేపు గుర్తుకే రాలేదు. పక్క గదిలోంచి ఒక తెలుగువాడు వచ్చి కూర్చోగానే దిగిపోయారు. 2011 జనాభా లెక్కల్లో మాతృభాష ఇంగ్లీషని రాయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 2.6 లక్షల మంది. మా భీమవరం లాంటి ఊళ్లు రెండు కూడా నిండవు. తెలుగని రాయించుకున్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. అంటే నేనూ ఆ మేనల్లుడూ ఇద్దరం ఈ భాషని బళ్లోనే అరువు తెచ్చుకున్నవాళ్లం. అప్పు తీసుకున్నవాడికి ఇంకో అప్పులవాణ్ని చూస్తే వణుకెందుకో!

మీ శాఖలు మనవాళ్లే నడుపుతున్నారు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బళ్లో, తెలుగులో మాట్లాడినందుకు, ఇక తెలుగు మాట్లాడను అని రాసిన పలకలు పిల్లల మెడల్లో వేశారు. అది పేపర్లకెక్కి గొడవైంది. పలకలు తీసేసి ఉంటారు లెండి. మీరు మాత్రం బదిలీ అయినట్టు లేరు.

ఆ రోజు మిగతా కథ కూడా చెప్పాలి. నేను తడబడటం చూసి మేనల్లుడు లేచి అందుకున్నాడు. వాల్యూ చైన్ అన్నాడు, లెవరేజ్ అన్నాడు, ఇంకా ఏవేవో అన్నాడు. మాటలు ముత్యాల్లా దొర్లుతున్నాయి. మధ్యలో 'దేర్ ఓన్లీ' అన్నాడు, అంటే 'అక్కడే'. 'రేట్ విల్ ఫాల్ ఇట్ సీమ్స్' అన్నాడు, అంటే 'పడుతుందట'. ఎంత సూటు వేసినా కింద పంచె అంచు కనిపిస్తూనే ఉంది. నాకెందుకో ఆ కుర్రాడి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఐదు నిమిషాలు ఓపిగ్గా విన్న బయ్యరు నా వైపు తిరిగి, 'వాట్ హీ సే?' అని అడిగాడు.

'హీ సే ఓకే' అన్నాను.

ధర కుదిరింది.

మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేద్దామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ మీది పర్మనెంటు పోస్టు, అది నా చేతిలో లేదు. నిన్న సాయంత్రం మీటింగులో మేనేజరు గారు ఏదో అడిగితే మళ్లీ 'యాక్చువల్లీ' దగ్గరే ఆగిపోయాను. కాబట్టి నా చేతిలో ఉన్నంతవరకే చేస్తున్నాను. వియత్నాం ఆయన వచ్చే గురువారం మళ్లీ వస్తున్నాడు. 'నో మూన్ వెన్?' అని ముందే వాట్సాప్‌లో అడిగాడు. నేను క్యాలెండరు చూసి జవాబు పెట్టాను, స్పెల్లింగు చూసుకోలేదు. గురు, శుక్రవారాలు రెండు రోజులూ మీకు సెలవు మంజూరు చేయడమైనది. కారణం దగ్గర జ్వరమని రాసుకోండి.

ఇట్లు,
ఇస్లాండు