రెండుముప్పావు శాస్త్రం

తెలుగు సినిమా సమీక్షను చులకన చేసి మాట్లాడడం ఈ మధ్య హైదరాబాదులో నాలుగు పుస్తకాలు చదివిన ప్రతివారికీ అలవాటైపోయింది. సమీక్షకులకు సినిమా తెలియదని, అందరూ అవే మాటలు అటూ ఇటూ మార్చి రాస్తారని, కొందరైతే సినిమా చూడకుండానే రాసేస్తారని వీరి ఆరోపణ. మొదటి రెండూ నిజమే కావచ్చు గానీ అవి నేరాలు కావు. మూడోది మాత్రం శుద్ధ అన్యాయం. కనీసం ఇంటర్వెల్ దాకా కూర్చుని రాసేవారు మన నగరంలో ఇంకా చాలామంది ఉన్నారు. పైగా చూడకుండా రాయడం అనుకున్నంత తేలిక కాదు. అమెరికాలో సాయంత్రం ప్రీమియర్ పడేసరికి మనకు తెల్లవారుతూ ఉంటుంది. అక్కడ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక అభిమాని ఫోను వెలుతురును అరచేత్తో కప్పుకుని చీకట్లో టైపు చేసిన "ఫస్టాఫ్ డీసెంట్, ఇంటర్వెల్ బ్యాంగ్ పేలింది" అన్న ఒక్క వాక్యం నుంచి పూర్తి నిడివి సమీక్షను, అదీ ఇక్కడ మార్నింగ్ షోకు గేట్లు తెరవకముందే, పిండి తీయాలి. కావ్యాలకు టీకాతాత్పర్యాలు రాసిన పూర్వ పండితులకు మూలశ్లోకమైనా పూర్తిగా చేతిలో ఉండేది. వీరికి ఆ సౌకర్యం కూడా లేదు.

ఈ విద్యకు శిఖరం రెండుముప్పావు. అయిదు మార్కులకు రెండున్నర వేస్తే అది సగమే కాబట్టి హీరోగారి అభిమానులు సమీక్షకుడి తల్లిదండ్రుల ప్రస్తావనతో సంభాషణ మొదలుపెడతారు. మూడు వేస్తే మరో హీరో అభిమానులు "ఎంత ముట్టింది?" అని అడుగుతారు, ఆ మూడును నిర్మాత పోస్టరు మీద వేసుకుని ఆదివారం దాకా తిప్పుతాడు. ఈ రెండు ప్రమాదాల మధ్య ఉన్న ఇరుకు సందులో ఎవరో మహానుభావుడు రెండుముప్పావును కనిపెట్టాడు. సినిమా ఆడితే "అప్పుడే బాగుందన్నాను కదా" అనవచ్చు, పోతే "అప్పుడే అనుమానం వెలిబుచ్చాను కదా" అనవచ్చు. బీమా కంపెనీలు కూడా రెండువైపులా లాభం వచ్చే ఇటువంటి పాలసీని ఇంతవరకు అమ్మలేకపోయాయి.

ఆ చివరి పావు దేనికి వేస్తారన్న విషయం మీద నేను కొంత పరిశోధన చేశాను. నా అంచనా ప్రకారం అది నిర్మాణ విలువలకు వెళ్తుంది. ఎంత దిక్కుమాలిన సినిమాకైనా "నిర్మాణ విలువలు రిచ్‌గా ఉన్నాయి" అని రాయడం ఆచారం. నిర్మాత అప్పు చేసి ఖర్చు పెట్టాడన్న సంగతి తెర మీద కనిపించడమే ఒక కళ అని దీని అంతరార్థం అయి ఉంటుంది. అలాగే తప్పు ఎవరిది అన్న ప్రశ్నకు కూడా ఈ శాస్త్రంలో స్థిరమైన జవాబు ఉంది: ఎడిటర్‌ది. "ఎడిటర్ తన కత్తెరకు ఇంకాస్త పదును పెట్టి ఉండాల్సింది" అన్న వాక్యం లేని తెలుగు సమీక్ష నా కంట పడలేదు. దర్శకుడు రాసుకున్నది దర్శకుడు తీశాడు, ఉంచమన్నది దర్శకుడే, హీరోగారి నడక మరో పది సెకన్లు ఉండాలన్నది హీరోగారు. అయినా శిక్ష మాత్రం చీకటి గదిలో మౌనంగా కూర్చుని కత్తిరించినవాడికే పడుతుంది. అతనికి అభిమాన సంఘం లేదు కదా. ఇంత సూక్ష్మమైన సామాజిక వివేకం ఉన్నవారిని పట్టుకుని సినిమా తెలియదనడం దుర్మార్గం.

ఇక మౌఖిక సమీక్ష సంగతి. 2003లో నెక్లెస్ రోడ్డు పక్కన తెరుచుకున్న ప్రసాద్స్‌లో ఐమాక్స్ పోయి ఎన్నో ఏళ్లయినా, పెద్ద తెరకు కొత్త పేరు పెట్టినా, జనం ఇప్పటికీ ఐమాక్స్ అనే అంటారు. శుక్రవారం ఉదయం తెలుగు సినిమా తలరాత అక్కడి మెట్ల మీదే తేలుతుంది. మొన్నొక విడుదల రోజున ఆ మెట్ల పక్కన నిలబడి ఈ న్యాయస్థానం పనితీరును దగ్గరగా గమనించాను. తలుపు తెరుచుకోగానే, చీకట్లోంచి వచ్చి ఎండకు కళ్లు చికిలిస్తున్న మనుషుల మూతి దగ్గరికి రంగురంగుల స్పాంజి తొడిగిన మైకులు, కర్రలకు తగిలించిన ఫోన్లు ఒక్కసారిగా చేరాయి. "ఎట్లుందన్నా బొమ్మ?" అని ప్రశ్న పూర్తి కాకముందే చొక్కా మీద హీరో బొమ్మ ఉన్న కుర్రవాడొకడు "మామూలుగ లేదన్నా, రాసిపెట్టుకో, రికార్డులన్నీ లేస్తయ్" అని గొంతు చించుకున్నాడు. అతనికి రెండు నిమిషాలు దక్కాయి. అతని వెనకే ఒక పెద్దావిడ వచ్చారు. రెండో సగంలో తండ్రి ఫోను ఎత్తకపోతే కూతురు మళ్లీ చేయకుండా ఆగిపోయిన సన్నివేశం ఉంది చూడండి, అక్కడ ఆ అమ్మాయి ముఖంలో కోపం కాకుండా సిగ్గు చూపించారు, అది నాకు నచ్చింది, అయితే దాని తరవాత వచ్చిన పాట ఆ సిగ్గును చెడగొట్టింది అని ఆవిడ చెప్పబోతున్నారు. "పాట" దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ముందు మైకు లేదు. అది అప్పటికే, పాలాభిషేకం చేసి వచ్చిన మరొకరి వైపు తిరిగింది. ఆవిడ మిగిలిన వాక్యాన్ని భర్తతో చెబుతూ పార్కింగ్ వైపు వెళ్లిపోయారు. ఆ రోజు అక్కడ వినిపించిన ఒకే ఒక్క సమీక్ష అదేనని కొందరు అనవచ్చు. కానీ దాన్ని పోస్టరు మీద వేయడం ఎలా? అందులో "బ్లాక్‌బస్టర్" అన్న మాటే లేదు.

ఇంతటి నిక్కచ్చి సమీక్షకులు పాశ్చాత్య చిత్రం ముందు కూర్చునేసరికి మాత్రం ఒక్కసారిగా భక్తులైపోతారు. తెలుగు సినిమా మెల్లగా సాగితే అది ల్యాగ్. ఇంగ్లీషు సినిమా మెల్లగా సాగితే అది నింపాదైన కథనం. మన హీరో పది నిమిషాలు మాట్లాడకపోతే పాత్ర చిత్రణ బలహీనం. వాళ్ల హీరో గంటసేపు మాట్లాడకపోతే అంతర్మథనం. మన సినిమా అర్థం కాకపోతే స్క్రీన్‌ప్లే గందరగోళం. వాళ్ల సినిమా అర్థం కాకపోతే రెండోసారి చూడాలి. మన దగ్గర కథ లేకపోతే కథ లేదు, వాళ్ల దగ్గర కథ లేకపోతే అనుభూతి ఉంది. దీన్ని ద్వంద్వనీతి అనేవారున్నారు. నేను అతిథి మర్యాద అంటాను. ఇంటివాడికి అన్నం చల్లారిపోయినా ఫరవాలేదు, పొరుగూరి నుంచి వచ్చినవాడికి వేడిగా పెట్టాలి. అందుకే వాళ్లకు కనీస మర్యాదగా మూడుంబావు నుంచి మొదలవుతుంది.

అయితే ఒక్క విషయంలో మన సమీక్షకులు ఎవరికీ తలవంచరు, అది ఇంటర్వెల్. పాశ్చాత్య చిత్రాలను విరామం లేకుండా తీస్తారు. మన హాళ్లవారు సుమారుగా సగం చూసుకుని, ఏ పాత్ర ఏ వాక్యం మధ్యలో ఉన్నా సరే, ఆపి దీపాలు వేస్తారు. ఆ వాక్యం మధ్యలో పడిన విరామాన్ని బట్టి "ఇంటర్వెల్ బ్లాక్ పండలేదు" అని తీర్పు ఇవ్వగల సాహసం ప్రపంచంలో మరే విమర్శకుడికీ లేదని గర్వంగా చెప్పవచ్చు. 2023లో 206 నిమిషాల 'కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్' వచ్చినప్పుడు అమెరికాలోనూ యూరప్‌లోనూ కొన్ని థియేటర్లు జాలిపడి మధ్యలో విరామం ఇస్తే, అది కుదరదని హక్కుదారులు ఆపించారు. సమోసాల మీద బతికే హాలు యజమానికి అటువంటి కబురు పంపగల మొనగాడు మన ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఇంకా పుట్టలేదు. మరుసటి ఏడాది 'ది బ్రూటలిస్ట్' దర్శకుడు 215 నిమిషాల సినిమా తీసి, అందులోనే పదిహేను నిమిషాల విరామాన్ని తానే పెట్టుకున్నాడు. పడమర మెల్లమెల్లగా మన దారికి వస్తోందనడానికి నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఇప్పుడిక ఆ విరామానికి ముందు ఫైటు పెట్టడం ఒక్కటే మిగిలింది.

సెన్సారు కత్తెర కూడా సమీక్షకుడికి కొత్త అవకాశాలు కల్పిస్తోంది. 2025లో వచ్చిన 'సూపర్‌మ్యాన్'లో ఒక ముద్దు సన్నివేశం 33 సెకన్లు మన దేశపు ప్రతిలో తగ్గింది. అదే ఏడాది 'ఎఫ్1'లో మధ్యవేలు చూపే ఎమోజీ స్థానంలో బిగించిన పిడికిలి వచ్చింది. ముద్దు లేని ప్రేమకథను చూసి "నాయకానాయికల మధ్య కెమిస్ట్రీ కుదరలేదు" అని రాసినా రాసినవాడిని తప్పు పట్టలేం, చూసినదాన్నే కదా రాశాడు. మనుషులు ఆకాశంలో ఎగిరితే నమ్మే పెద్దవాళ్లు తెర మీద ముద్దు చూస్తే చెడిపోతారని లెక్కగట్టినవారి శ్రద్ధకు మార్కులు వేసే పద్ధతి మన సమీక్షల్లో ఇంకా రాలేదు, రావలసి ఉంది.

నిర్మాతలు మాత్రం ఈ శాస్త్రాన్ని సరిగా అర్థం చేసుకోలేదు. కొత్త సినిమాల సమీక్షలను ఆపాలన్న గొడవ కేరళలో 2023లోనే హైకోర్టు మెట్లెక్కింది. 2024 చివర్లో తమిళ నిర్మాతల సంఘం ఒకటి, సినిమా విడుదలైన మొదటి మూడు రోజులు సమీక్షలు రాకుండా ఆపాలని మద్రాసు హైకోర్టును కోరింది. న్యాయస్థానం అప్పటికప్పుడు ఆపడానికి ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే జరిగే అనర్థం ఎవరూ ఆలోచించినట్టు లేదు. మూడు రోజులు ఆగి రాయాలంటే, మధ్యలో ఖాళీగా ఉండలేక, సమీక్షకులు సినిమా చూడవలసి వచ్చేది. అదీగాక మూడు రోజులు ఆగాక రాయాలంటే అప్పటికి సినిమా హాల్లో ఉండాలి.

నిజానికి ఈ సమస్యలన్నీ భరతముని నాట్యశాస్త్రంలో ఎప్పుడో తేల్చేశాడు. నాటకం ఎలా ఆడిందో తేల్చడానికి అందులో ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. ప్రేక్షకులు కేకలు వేయడం, లేచి నిలబడడం, బట్టలూ ఉంగరాలూ విసరడం మానుషసిద్ధి, అంటే మనుషులు చాటే విజయం, అన్నాడు. బాల్కనీ నుంచి కాగితం ముక్కలు కుమ్మరించే మన కుర్రాళ్లు శాస్త్రోక్తంగానే నడుచుకుంటున్నారన్నమాట. శత్రువుల వల్ల ప్రదర్శనకు కలిగే విఘాతాలను కూడా ఆయన లెక్కపెట్టాడు: వికటంగా నవ్వడం, అరవడం, పేడా మట్టిబెడ్డలూ చీమలూ విసరడం. ఎదుటి హీరో సినిమా మీద తెల్లవారుజామున నాలుగింటికి ట్రెండింగ్ మొదలుపెట్టేవారు ఏదో కొత్త విద్య కనిపెట్టామని గర్వపడనక్కర్లేదు, అప్పటికన్నా ఇప్పుడు తేడా చీమలు లేకపోవడమే. చిక్కల్లా దైవసిద్ధి దగ్గర వచ్చింది. రంగస్థలం నిండిపోయి, ఎక్కడా శబ్దం లేకుండా, అలజడి లేకుండా జనం కూర్చుండిపోతే అది దైవికమైన విజయమని ముని అభిప్రాయం. పాపం ఆయనకు మన వ్యవహారం తెలియదు. హౌస్‌ఫుల్ హాల్లో జనం నోరు మెదపకుండా కూర్చుంటే, "థియేటర్లో రెస్పాన్స్ నిల్" అని ఇంటర్వెల్ లోపే మన ఫోన్లకు వచ్చేస్తుంది.

అదే అధ్యాయంలో తీర్పరులుగా పదిమందిని నియమించాలన్నాడు. ఈ పద్ధతిని హైదరాబాదులో తక్షణం అమలు చేయాలని నా ప్రతిపాదన. ధనుర్విద్య తెలిసినవాడు ఒకడు ఉండాలి. కాలు ఒకసారి విదిలిస్తే పద్నాలుగు మంది గాల్లోకి లేచే పోరాటాల్లో హీరోగారి నిలబడిన తీరు సరిగా ఉందో లేదో అతను చెబుతాడు. వేషధారణ చూడడానికి చిత్రకారుడు. యాభై దాటిన కాలేజీ విద్యార్థుల విగ్గుల మీద అతని మాటే చివరి మాట. పాఠ్యం వినడానికి వ్యాకరణవేత్త ఒకరు. ఆయన చేత డబ్బింగ్ సినిమా చూపించే ముందు బంధువులకు కబురు చేయాలి. శృంగార మర్యాదలను తూచే స్థానం ఒకటుంది, 33 సెకన్లు లెక్కపెట్టిన అనుభవం దృష్ట్యా దాన్ని సెన్సారువారికే వదిలేద్దాం. పదిమందిలో రాజు కూడా ఉండాలి. ఆ పీఠంలో ప్రీ-రిలీజ్ వేడుకకు వచ్చిన ముఖ్య అతిథిని కూర్చోబెడితే సరిపోతుంది, ఆయన ఎలాగూ సినిమా చూడకముందే తీర్పు చెప్పేశారు. మిగతావారిని సినిమా పనివాళ్లు ఉండే కృష్ణానగర్‌లో టీ కొట్ల దగ్గర వెతకవచ్చు. యజ్ఞవేత్త ఒక్కడే దొరకడం కష్టమనుకున్నాను గానీ, ముహూర్తం షాట్లకు వెళ్లే పంతులుగారు గుర్తొచ్చారు.

అడ్డొచ్చేదల్లా ఖర్చు. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మల్టీప్లెక్సులో మామూలు సీటుకు గరిష్ఠంగా 250 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 295. పదిమందికి 2,950 అవుతుంది. పెద్ద సినిమాకు ధర పెంచుతూ విడుదలకు ముందు కొత్త జీవో వస్తే ఈ లెక్క చెల్లదు, పాప్‌కార్న్ కలిపితే అసలు ఏ లెక్కా చెల్లదు. ఈ సంగతి నలుగురిలో అన్నానో లేదో, ఒక నిర్మాతగారి మేనేజరు ఫోను చేశాడు. టికెట్లు, పాప్‌కార్న్ తామే చూసుకుంటామని, పెద్దవాళ్లు కాబట్టి కారు కూడా పంపుతామని ఎంతో మర్యాదగా చెప్పాడు. భరతముని ఎవరని అడగలేదు. పదిమందికీ కలిపి ఫాలోయర్లు ఎంతమంది ఉంటారు సార్, వ్యాకరణం పంతులుగారు ఇంటర్వెల్‌లోనే ఒక పోస్టు పెట్టగలరా అని మాత్రం అడిగాడు.