"ప్రార్థనతో కడుపు నిండదు" అని తిరుగుతున్న మెసేజ్‌కి జవాబు

ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఏంటంటే సూడాన్‌లో, గాజాలో జనం ఆకలితో చస్తుంటే క్రైస్తవులు మోకాళ్ళేసి ప్రార్థన చేయడం తప్ప చేసేదేం లేదు, ఏమైనా పంపినా అది మతం మార్చడానికే, ఆ పంపింది కూడా తుపాకులోళ్ళ చేతికే పోయి యుద్ధం ఇంకా సాగుతుంది, అయినా ప్రపంచంలో తిండే చాలనప్పుడు ఈ చందాలెందుకు అని. లైకులే లైకులు. సరే, ఒక్కోటీ చూద్దాం.

"ప్రార్థన తప్ప ఏం చేయరు" అనేది మొదటిది. ఈ తిట్టు మీకంటే ముందు బైబిలే తిట్టేసింది బాబూ. యాకోబు పత్రిక రెండో అధ్యాయం తీయండి, ఒంటి మీద బట్ట, ఆ పూటకి తిండి లేనోడికి ఏమీ ఇవ్వకుండా హాయిగా వెళ్ళు, కడుపునిండా తిను అని చెప్పి పంపిస్తే ఏం లాభం అని నిలదీస్తాడు. అపొస్తలుల కార్యాలు 11లో కరువు రాబోతోందని అగబు అనే ప్రవక్త చెప్పగానే అంతియొకయలోని క్రైస్తవ సంఘం ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు వేసుకుని యూదయకి సాయం పంపింది. అవన్నీ పాత కథలంటారా, 1942కి రండి. గ్రీస్ నాజీల కింద ఉంది, మిత్రదేశాలేమో సముద్రంలో ఓడల్ని ఆపేస్తున్నాయి, మధ్యలో గ్రీకు జనం ఆకలికి రాలిపోతున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక చర్చి గదిలో ఆ చర్చి పాస్టరు, క్వేకర్లు (యుద్ధం వద్దనే ఒక క్రైస్తవ శాఖ), ఇంకొందరు కూర్చుని చందాలు పోగేయడమే కాదు, తిండి ఓడల్ని వదలండి అని సొంత గవర్నమెంటు మీదే ఒత్తిడి తెచ్చారు, అదీ యుద్ధం నడుస్తుండగా. ఆ కమిటీయే తర్వాత ఆక్స్‌ఫామ్ అనే పెద్ద సాయం సంస్థ అయింది.

మొజాంబిక్ సంగతి ఇంకా బాగుంటుంది. రోమ్‌లో సాంత్ ఎజీదియో అని ఒక ప్రార్థనా సహవాసం ఉంది, 1968లో హైస్కూలు కుర్రాళ్ళు మొదలుపెట్టింది, ప్రతి సాయంత్రం ప్రార్థన చేసుకోవడం వాళ్ళ అలవాటు. మొదట మొజాంబిక్‌కి తిండీ మందులూ పంపారు, యుద్ధం ఆగకపోతే ఎంత పంపినా చాలదని తెలిసొచ్చి అటు ప్రభుత్వాన్ని ఇటు తిరుగుబాటుదార్లని తమ దగ్గరే కూర్చోబెట్టి రెండేళ్ళకు పైగా మాట్లాడించారు, 1992 అక్టోబర్ 4న రోమ్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మోకాళ్ళేసే జనమే ఇది చేశారు మరి.

రెండోది మతం మార్చడం. ఇది పూర్తిగా అబద్ధమని నేననను. 1840ల ఐర్లండ్ కరువులో కొన్ని ప్రొటెస్టెంట్ మిషన్లు మా మతంలోకొస్తేనే సూప్ అన్నాయి, ఆ పాడుపేరు అక్కడ ఇప్పటికీ పోలేదు. కానీ అదే కరువులో అదే దేశంలో క్వేకర్లు సూప్ కిచెన్లు పెట్టి ఏ షరతూ లేకుండా పోశారు, అదీ జనం మర్చిపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక వీళ్ళే ఓడిపోయిన జర్మనీలో, అంటే నిన్నటిదాకా శత్రువైన దేశంలో, పిల్లలకి తిండి పెట్టారు. 1947 నోబెల్ శాంతి బహుమతి క్వేకర్ సంస్థలకే. ఇక 1994లో సాయం చేసే సంస్థలకి ప్రవర్తనా నియమాలు రాసుకున్నప్పుడు సాయాన్ని మత ప్రచారానికి వాడకూడదన్న నియమం పెట్టుకున్నవాటిలో రెడ్‌క్రాస్‌తో పాటు కాథలిక్కుల కారితాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ కూడా ఉన్నాయి. ఎవరైనా ఆ నియమం తప్పితే ఆ సంస్థ పేరు పెట్టి అడగండి, నేనూ మీతోపాటే అడుగుతా.

మూడోది, పంపింది తుపాకులోళ్ళకే పోయి యుద్ధం సాగుతుందన్నది, అదే గట్టి పాయింట్, తీసిపారేసేది కాదు. నైజీరియా నుంచి విడిపోతామన్న బయాఫ్రా చూడండి, 1967 నుంచి 70 దాకా. నైజీరియా దాని చుట్టూ దిగ్బంధం పెట్టేసింది, లోపల పిల్లలు పొట్టలుబ్బి చచ్చిపోతున్నారు. కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ కలిసి సావో తోమే దీవి నుంచి రాత్రిపూట విమానాలు నడిపారు, దిగేది ఎయిర్‌పోర్ట్ కూడా కాదు, ఉలి దగ్గర వెడల్పు చేసిన ఒక రోడ్డు, బాంబులేస్తారని లైట్లు ఆర్పేసి ఉంచి విమానం దిగే కాసేపు మాత్రం వేసేవాళ్ళు. ఎండుచేపలు, ఉప్పు, పాలపొడి. 1969 జూన్‌లో రెడ్‌క్రాస్ విమానాన్ని కూల్చేశాక రెడ్‌క్రాస్ ఆపేసింది, చర్చిలు ఆపలేదు. మొత్తం 5,000కి పైగా ట్రిప్పులు, దాదాపు 60,000 టన్నులు, కొందరు పైలట్లూ సిబ్బందీ చచ్చిపోయారు కూడా. అయితే అదే రోడ్డు మీద అవే రాత్రుల్లో ఆయుధాల విమానాలూ దిగేవి, ఈ సాయం వల్లే యుద్ధం ఇంకా సాగిందని గట్టిగా వాదించే చరిత్రకారులున్నారు, ఆ వాదనలో పస ఉంది. మరి చేయాల్సిందేంటి, పంపకుండా ఉండటమా? ఈ మెసేజ్ రాసినాయన ఆ పిల్లల తల్లుల ముందు నిలబడి చరిత్రకారుడి మాట చెప్పగలడా నాకు తెలీదు.

పైగా ఇప్పుడు సాయం బస్తాలుగా మాత్రమే పోవట్లేదు. క్లినిక్‌లో పిల్లాడి పైచేతికి రంగుల టేపు చుడతారు, కొలత 115 మిల్లీమీటర్ల లోపుంటే ఎర్ర రంగు చూపిస్తుంది, అంటే ప్రాణం మీదకొచ్చిందని. అప్పుడు వేరుశనగ పేస్ట్ ప్యాకెట్ చేతికిస్తారు, 92 గ్రాములు, 500 కేలరీలు, వండక్కర్లేదు, నీళ్ళు కలపక్కర్లేదు, మూల చింపి పిండుకుని నాకేయడమే. దీన్నీ దొంగిలించి అమ్ముకునేవాళ్ళు ఉంటారు, కానీ పిల్లాడి నోట్లోకి పోయినదాన్ని ఏ తుపాకీ వెనక్కి లాక్కోలేదు కదా.

తిండే చాలట్లేదన్నది శుద్ధ తప్పు. సూడాన్‌లో ఇళ్ళు వదిలి వచ్చినవాళ్ళుండే జమ్‌జమ్ శిబిరంలో 2024 ఆగస్టులో కరువని నిర్ధారించారు, 2025 ఆగస్టులో గాజా నగరంలో. రెండు చోట్లా దారి మూసింది మనుషులే. ఆకలిని ఆయుధంగా వాడటాన్ని ఖండిస్తూ భద్రతా మండలి 2018లోనే 2417 నంబర్ తీర్మానం చేసింది, అమలు సంగతి చూస్తూనే ఉన్నాం. అన్నట్టు సూడాన్‌లో ఇరుగుపొరుగుకి వండి పెడుతున్నది ఎక్కువగా అక్కడి ముస్లిం కుర్రాళ్ళు నడిపే వంటశాలలే, ఆ గొప్పని క్రైస్తవుల ఖాతాలో వేసుకోవడానికి లేదు.

క్రైస్తవుల్ని తిట్టాలని అంత సరదాగా ఉంటే అసలు తిట్టాల్సినవి వేరే ఉన్నాయి. పాత బట్టలు మూటగట్టి పంపేసి సాయం చేశామనుకోవడం, అవి పోర్టులో తిండి దిగాల్సిన చోటు ఆక్రమించడం. ఈగలు ముసిరిన పిల్లాడి ఫోటో పెద్దది చేసి స్క్రీన్ మీద పెట్టి కానుక సంచి తిప్పడం, ఆ పిల్లాడి తల్లిని అడిగారా అని ఒక్కరూ అడక్కపోవడం. వీటి మీద మెసేజ్ రాయండి, నేనే నలుగురికి పంపిస్తా.