త్రీడీ వంటింట్లో ఎవరూ వండరు

వంటిల్లు బాగు చేయించుకుందామని అనుకున్న ప్రతి కుటుంబానికీ ముందుగా దర్శనమిచ్చేది డిజైనర్ కంప్యూటర్‌లో గీసే త్రీడీ బొమ్మ. ఇంకా ఒక్క టైలు ఊడదు, ఒక్క పైపు తెగదు, బొమ్మ మాత్రం వచ్చేస్తుంది. తెల్లటి గట్టు, గట్టు మీద గాజు గిన్నె, గిన్నెలో ఆకుపచ్చ ఆపిల్స్. ఎవరింటికి గీసినా అవే ఆపిల్స్. వాటిని ఎవరూ తినరు, అవి కుళ్లవు. సింకులో ఎంగిలి గిన్నె ఉండదు, పొయ్యి చుట్టూ నూనె చుక్క పడదు. ప్లగ్ పాయింట్లు అసలే కనిపించవు. ఆ ఇంట్లో మిక్సీ బహుశా భక్తితో తిరుగుతుంది.

తెలిసినవాళ్లింట్లో ఇలాంటి బొమ్మను ఆవిష్కరించిన సభకు హాజరయ్యే భాగ్యం ఈమధ్య నాకూ దక్కింది. ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించారు. డిజైనర్ గారు మౌస్ కదిపేసరికి అందరం గాల్లో తేలుతూ వంటింట్లోకి వెళ్లాం. ఫ్రిజ్‌లోంచి దూరి అవతలికి వచ్చాం. ఇంటిపెద్ద "ఆహా" అన్నారు. గట్టు కింద లైట్లు రంగులు మారతాయా అని కొడుకు అడిగాడు. మారతాయట. నీలం చూశాం, ఊదా చూశాం. ఊదా వెలుగులో ఆపిల్స్ కమిలిపోయినట్టు కనిపించడంతో నీలం ఖాయమైంది. తర్వాత సొరుగు. అది చప్పుడు కాకుండా మూసుకుంటుందని వీడియో పెట్టారు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూశారు. మూసుకుంది. ఇంకోసారి వేయమన్నారు. మళ్లీ మూసుకుంది. అల్లుడు చప్పట్లు కొట్టబోయి తమాయించుకున్నాడు.

అప్పుడు ఇంటావిడ ఒక మాట అడిగారు. "చెత్తబుట్ట ఎక్కడ పెట్టుకోవాలి?"

డిజైనర్ గారు బొమ్మను అటు తిప్పారు, ఇటు తిప్పారు, పైకప్పు తీసి పైనుంచి కూడా చూపించారు. ఎక్కడా లేదు. "అది తర్వాత చూసుకుందాం మేడమ్" అని, వెంటనే ఇంటిపెద్ద వైపు తిరిగి, "సార్, హ్యాండిల్స్ నలుపు వేద్దామా, బంగారు రంగా?" అన్నారు. ఆ ఇంట్లో వండేది మేడమ్. సార్‌కి ఆ గదిలో దారి తెలిసింది ఫ్రిజ్ వరకే. సార్ మాత్రం బంగారు రంగు అన్నారు.

ఇక శాస్త్రానికొస్తే, "వర్క్ ట్రయాంగిల్ పాటిస్తాం సార్" అన్నారు. పొయ్యి, సింకు, ఫ్రిజ్ మధ్య నడక తగ్గించాలన్న సూత్రం ఇది. 1940లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దీనికో రూపం ఇచ్చారు. త్రిభుజంలో ఏ భుజమైనా 4 నుంచి 9 అడుగుల మధ్య ఉండాలి, మూడూ కలిపి 26 అడుగులు దాటకూడదు. మన బొమ్మలోనూ త్రిభుజం ఉంది, కాదనను. కాకపోతే అందం చెడుతుందని ఫ్రిజ్‌ను హాల్లోకి జరిపారు కాబట్టి ఒక మూల సోఫా వెనక తేలింది.

వంద ఏళ్ల కిందట, 1926లో, మార్గరేట్ షూట్టె లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ల కోసం ఒక వంటిల్లు గీసింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంతే. అప్పటికి తాను వంట చేసి ఎరగనని ఆమే తర్వాత చెప్పింది. అయితేనేం, వండేవాళ్లు వేసే అడుగులను, పనికి పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకుంది. తరిగిన చెత్త తోసేయడానికి గట్టులోనే ఒక సొరుగు పెట్టింది. కూర్చుని తరుక్కోవడానికి తిరిగే స్టూలు ఇచ్చింది. పెన్సిల్‌తో గీసిన ఆ మహాతల్లికి తట్టిన చెత్త సంగతి, ఫ్రిజ్‌లోంచి దూరిపోగల సాఫ్ట్‌వేర్‌కు తట్టలేదు.

గోడలు కొలిచారు. కిటికీ కొలిచారు. లేజర్‌తో కొలిచారు, టేపుతో సరిచూశారు. ఆ గట్టు ముందు ఏళ్ల తరబడి నిలబడబోయే మనిషిని ఒక్కరూ కొలవలేదు! తరిగే గట్టు మోచేతికి 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందుండాలి. ఇదేమీ రహస్యం కాదు. అయినా ఎక్కడ చూసినా 36 అంగుళాలే. ఎందుకయ్యా అంటే "స్టాండర్డ్ సార్" అంటారు. అయిదడుగుల మనిషికి 36 అంగుళాలంటే దాదాపు మోచేతి దాకా వస్తుంది. అంటే కత్తి పట్టుకున్న ప్రతిసారీ భుజాలు ఎగరేసి పట్టుకోవాలి. ఎవరి ఎత్తు ఆ స్టాండర్డు? భుజం నొప్పి ఎవరిది, బంగారు హ్యాండిల్ ముచ్చట ఎవరిది? చొక్కా కుట్టించుకుంటే చేతి పొడవు అడుగుతారే, లక్షణంగా ఇరవై ఏళ్లు వాడాల్సిన గట్టుకు అడగరా? సిగ్గుండాలి. డిజైనర్‌కు కాదు, అతను పాపం బొమ్మ అమ్ముకునేవాడు. ఆ గదిలో కూర్చుని నీలమా ఊదానా అని తర్జనభర్జన పడ్డవాళ్లకు.

మిగతా ఏర్పాట్లు మామూలే. ప్లగ్ పాయింట్లు ఎన్ని, ఎక్కడెక్కడ అన్నది టైల్స్ అంటించాక గుర్తొస్తుంది, అంటించినవి పగలగొడతారు. కింది అరలు బిగించి, మట్టం చూశాక గానీ గట్టు మీద పరిచే రాయికి కొలత తీయకూడదు. ఆ తర్వాత రాయి కోసి తెచ్చేదాకా సింకు ఉండదు, గిన్నెలు బాత్రూంలో కడుక్కోవాలి. ఈ ముక్క ముందే చెప్పే డిజైనర్ నాకింకా తగల్లేదు. సింకు కింద తడి తగిలితే ఉబ్బిపోయే ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో అదిమి చేసిన పలక) వేస్తున్నారేమో అడగాలని కూడా ఎవరికీ తోచదు. బయటికి కనిపించదు కదా.

గట్టు ఎత్తు సంగతి నేనే ఉండబట్టలేక కదిపాను. డిజైనర్ గారు ఎంతో మర్యాదగా విన్నారు. మేడమ్ నిలబడటానికి ఒక పీట ఉచితంగా ఇస్తామన్నారు. దాని రంగు మాత్రం సార్ చెప్పాలట.