ఆట అయిపోవడానికి ఒక కమిటీ

క్లాసిక్ టెట్రిస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ అనేసరికి ముసిముసిగా నవ్వేవాళ్ళున్నారు. టెట్రిస్ ఒక వీడియో గేమ్: పైనుంచి ముక్కలు రాలతాయి, కింద సందు లేకుండా పేర్చాలి, అడ్డంగా వరస నిండితే మాయమవుతుంది, నిండకపోతే గుట్ట పెరిగి కప్పుకి తగిలి ఆట బందవుతుంది. ఇంతోటి దానికి ప్రపంచ పోటీ ఏమిటి, దానికో నియమావళి ఏమిటి అని వాళ్ళ ఎకసెక్కం. ఆడుకోనివ్వండి. తక్కిన క్రీడా సంఘాలన్నీ ఆట ఎలా ఆడాలో రూల్సు రాసుకుని నిశ్చింతగా భోంచేస్తాయి. ఈ పోటీ పెట్టినవాళ్ళు ఒక్కరే, ఆట ఎలా అయిపోవాలి అన్నదాని మీద ఏళ్ళ తరబడి కిందామీదా పడుతున్నారు. వాళ్ళ తరఫున ఎవరో ఒకరు వకాల్తా పుచ్చుకోవాలి కదా.

ముందు సామగ్రి సంగతి. 1989లో నింటెండో అనే వీడియో గేమ్ కంపెనీ అమెరికాలో క్యాట్రిడ్జిగా, అంటే ఆట నింపిన డబ్బీగా, అమ్మిన టెట్రిసే ఆడాలి. ఆ డబ్బీని దూర్చి టీవీకి తగిలించే కన్సోల్ కూడా అప్పటిదే ఉండాలి. ఎవరి కంట్రోలరు వాళ్ళు తెచ్చుకోవచ్చు గానీ అదీ ఆ కాలం నాటిదో, అచ్చం దాన్ని పోలినదో అయ్యుండాలి, లోపల మరమ్మతులు, హంగులు కుదరవు. వరసగా బల్లలు, బల్లల మీద పిక్చర్ ట్యూబు టీవీలు. మన వీధుల్లో "పాత టీవీలు, పాత ఫ్రిజ్‌లు కొంటాం" అని మైకు పెట్టుకుని తిరిగే ఆటో అతనికి మనం కిలోల లెక్కన అప్పగించిన ఆ డబ్బా టీవీయే అక్కడ అంతర్జాతీయ క్రీడా పరికరం. ఇది చాదస్తం కాదు. బటను నొక్కడానికీ తెర మీద ముక్క కదలడానికీ మధ్య కొత్త ఫ్లాట్ టీవీ రవ్వంత ఆలోచించుకుంటుంది. పాత టీవీ ఆలోచించదు, చెప్పిన పని చేస్తుంది. ఆ రవ్వంతలోనే ఇక్కడ జాతకాలు తారుమారవుతాయి.

ఇంత గంభీరమైన క్రీడ పుట్టింది కూడా ఒక సర్కారీ ఆఫీసులోనే. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్సెస్ అకాడమీ వారి కంప్యూటర్ కేంద్రంలో, అలెక్సీ పజిత్నోవ్ అనే ఉద్యోగి ఎలెక్ట్రోనికా 60 అనే యంత్రం మీద దీన్ని తయారు చేశాడు. ఆఫీసు కంప్యూటరు మీద ఆడుకోవడం లోకంలో అందరూ చేసే పనే. ఆడుకోవడానికి ఏమీ లేకపోతే ఆటనే కనిపెట్టేంత నిబద్ధత మాత్రం ఆయనకే చెల్లింది. హక్కులు సర్కారువి కాబట్టి ఆ ఆట లోకమంతా అమ్ముడుపోతున్నా 1996 దాకా ఆయన చేతికి రాయల్టీ రాలేదు. డీఏ బకాయిల కోసం, పీఆర్సీ అరియర్స్ కోసం ఎదురుచూస్తున్న మన ఉద్యోగ మిత్రులు ఈ వాక్యం మళ్ళీ ఒకసారి చదువుకోవచ్చు.

ఇక అసలు సమస్య. 2010లో లాస్ ఏంజెలెస్‌లో మొదటి పోటీ జరిగినప్పుడు ఆట ముగింపు గురించి ఎవరికీ బెంగ లేదు. ఆ పని క్యాట్రిడ్జే చూసుకునేది. 29వ లెవెల్ అని ఒకటుంది. తెర సెకనుకి 60 సార్లు మారుతుంది. ఆ లెవెల్‌లో మారిన ప్రతిసారీ ముక్క ఒక గడి కిందికి దిగుతుంది. లోతు 20 గడులు. అంటే సెకనులో మూడో వంతు గడిచేసరికి ముక్క నేల మీద ఉంటుంది. దాన్ని పక్కకి జరపాలని బటను అదిమి పట్టుకుంటే ఒక గడి జరుగుతుంది, తెర 16 సార్లు మారేదాకా ఆగుతుంది, ఆ తర్వాత ఆరేసి మార్పులకొక గడి చొప్పున నడుస్తుంది. అది గోడ దాకా వెళ్ళేలోపు నేల వచ్చేస్తుంది. ఈ లెక్క తెలిసిన ఆటగాళ్ళు 29 రాకముందే వీలైనంత స్కోరు మూటగట్టుకుని, వచ్చాక బుద్ధిగా పోయేవాళ్ళు. ఒకరిద్దరు గడప దాటి తొంగిచూసినా అది లెక్కలోది కాదు. స్కోరుకి కూడా పైకప్పు ఉండేది: 999,999. ఆ పైన అంకె వేసే చోటే తెర మీద లేదు. మనిషికి ఆశ ఎక్కడ ఆగాలో యంత్రమే చెప్పిన మంచి రోజులవి.

పెద్దవాళ్ళు ఆడుకున్నంత కాలం అంతా పద్ధతిగానే నడిచింది. జోనాస్ న్యూబవర్ మొదటి నాలుగేళ్ళూ కప్పు తీసుకున్నాడు, 2014లో హ్యారీ హాంగ్‌కి వదిలాడు, మళ్ళీ 2015, 16, 17ల్లో తీసుకున్నాడు. పోటీ పోర్ట్‌లాండ్‌కి మారింది, ఏటా జనం వచ్చారు, చూశారు, వెళ్ళారు. అప్పుడు పిల్లలు వచ్చారు.

2018లో జోసెఫ్ సేలీ అనే 16 ఏళ్ళ కుర్రాడు ఫైనల్లో న్యూబవర్‌ని ఓడించాడు. నింటెండో ఆ కన్సోల్ తయారీని అమెరికాలో ఆపేశాక పుట్టినవాడు. బటను అదిమి పట్టుకోవడమనే మర్యాద అతనికి లేదు. బొటనవేలిని వణికిస్తూ సెకనుకి పదిసార్లకి పైగా టకటకా కొట్టడమే. (న్యూబవర్ ఆ కుర్రాణ్ణి మనసారా మెచ్చుకున్నాడు. 2021 జనవరిలో, 40 కూడా నిండకుండానే ఆయన పోవడం ఈ ఆట ఎరిగిన వాళ్ళందరికీ దిగులే. వేళాకోళం ఈ బ్రాకెట్లోకి రాదు.)

నిర్వాహకులు ఇంకా తేరుకోక ముందే, 2020 చివర్లో, క్రిస్టఫర్ మార్టినెజ్ అనే ఆటగాడు ఇంకో విద్య కనిపెట్టాడు. భోజనం వడ్డించేలోపు బల్ల మీద వేళ్ళతో దరువేస్తామే, సరిగ్గా అదే. ఒక చేతి వేలు బటను మీద ఊరికే ఆనించి ఉంచాలి. రెండో చేతి వేళ్ళు నాలుగూ కంట్రోలరు వీపు మీద వరసగా మోగించాలి. వేలు బటనుని నొక్కదు, బటనే వెళ్ళి వేలికి తగులుతుంది. 30 ఏళ్ళు అందరూ ముందునుంచి నొక్కుతున్న వస్తువుని వెనకనుంచి కొట్టవచ్చని ఎవరికీ తట్టకపోవడం వింతే. మనకైతే అంత వింత కాదు, పని జరక్కపోతే రిమోట్ వెనక ఒక్కటివ్వడం మన ఇళ్ళలో మూడు తరాల ఆచారం. ఈ దరువుకి సెకనుకి 20 దెబ్బలు పడతాయి. 29వ లెవెల్ మామూలు లెవెల్ అయిపోయింది. ఆ తర్వాత అన్నీ అదే వేగం. అంటే ఆట ఇక అయిపోదు.

2020లో ప్రపంచ ఛాంపియన్ మైకేల్ ఆర్టియాగా, వయసు 13. 2021లోనూ అతనే. మొదటి ఏడు, 2020 ఫైనల్లో, ఎదుటివాడు ఎవరయ్యా అంటే సొంత అన్న ఆండ్రూ. మహమ్మారి రోజులు, పోటీలన్నీ ఆన్‌లైన్‌లో. ఒకే ఇంట్లో ఇద్దరు కొడుకులు ప్రపంచ కప్పు కోసం కొట్టుకుంటుంటే ఆ తల్లి "ఇంక చాల్లేవండ్రా" అని ఎవరితో అనాలి?

ఈ సందర్భంలో మన సంప్రదాయం కూడా చెప్పుకోవాలి. 1990లలో మన ఊళ్ళ ఫ్యాన్సీ షాపుల్లో వేలాడిన బ్రిక్ గేమ్ గుర్తుందా? డబ్బా మీద "9999 ఇన్ 1" అని అచ్చు. లోపల తిప్పితిప్పి అవే ముక్కలు, అదే కారు, అదే పాము. దానికి రూల్ బుక్కు లేదు, కమిటీ లేదు. అయినా ఆట ఎప్పుడు ముగియాలన్న ప్రశ్నే రాలేదు, ఎందుకంటే అందులో పెన్సిల్ సెల్స్ ఉండేవి. సెల్స్ అయిపోతే ఆట అయిపోయినట్టు. గోడ గడియారం ఆగిందంటే సెల్స్ ఎక్కడికి పోయాయో నాన్నకి చెప్పక్కర్లేదు, అప్పీలుకి అవకాశం లేని తీర్పు అక్కడే. "ఏరా, అన్నం చల్లారిపోతోంది" అంటే "ఈ ఒక్క గేమూ అవగానే వస్తానమ్మా" అనేవాళ్ళం. ఆ మాటలో నిజాయితీ ఉండేది, రెండు నిమిషాల్లో మన పని అయ్యేది. అదే మాట ఆర్టియాగా లాంటివాడు వాళ్ళమ్మతో అంటే ఆవిడ ఏ పూట అన్నం వండాలి?

నిర్వాహకుల బాధ ఇంకా పెద్దది. అన్నమైతే మళ్ళీ వేడి చేసుకోవచ్చు, హాలు అద్దెకి తీసుకున్నది వారాంతానికి. ఇద్దరు కుర్రాళ్ళు చావకుండా ఆడుకుంటూ పోతే ఒక్క మ్యాచికే పొద్దుగుంకుతుంది. అందుకని కమిటీ ఒక చారిత్రక సవరణ తెచ్చింది. పోటీ క్యాట్రిడ్జిలో 39వ లెవెల్ నుంచి వేగం రెట్టింపు చేశారు, ముక్క ఒక్కో మార్పుకి రెండేసి గడులు దిగుతుంది. యంత్రం ఇచ్చిన చావు పనిచేయడం మానేసింది కాబట్టి కమిటీ తీర్మానం ద్వారా చావుని మళ్ళీ ప్రవేశపెట్టారన్నమాట. ఆంధ్రలో రిటైర్మెంట్ వయసు 62కి, తెలంగాణలో 61కి పెంచుకున్న మనకి, పదవీ విరమణని ముందుకి జరిపే ధైర్యం ఒక సంస్థకి ఉండటం నమ్మశక్యంగా ఉండదు.

సవరణ తేకపోతే ఏమయ్యేదో పోటీ బయట ఆడినవాళ్ళు చూపించారు. 2023 డిసెంబరు 21న అమెరికాలోని ఓక్లహోమాలో విల్లిస్ గిబ్సన్ (ఇతనికీ 13 ఏళ్ళే, ఆ వయసులో ఏదో ఉంది) ఆడుతూ ఆడుతూ 157వ లెవెల్‌కి వెళ్ళాడు. దారిలో రంగులు చెడిపోయి ముక్కలు దాదాపు నల్లటి తెర మీద నల్లగా పడే లెవెల్సు కూడా ఉన్నాయి, 148వది అలాంటిదే. చివరికి లెక్క తప్పి ఆటే బిగుసుకుపోయింది. కుర్రాడు నిలబడ్డాడు, క్యాట్రిడ్జి పడిపోయింది. కొద్ది రోజులకి ఒక బ్రిటిష్ ఛానల్లో వార్తలు చదివే ఆవిడ, తల్లిగా చెబుతున్నానంటూ, తెర ముందు నుంచి లేచి బయటికెళ్ళి కాస్త గాలి పీల్చుకోవాలని, టెట్రిస్‌ని ఓడించడం జీవిత లక్ష్యం కాదని సెలవిచ్చింది. తెలుగు రాకుండానే అంత స్వచ్ఛమైన తెలుగు మాట ఎలా అనగలిగిందో!

2024 అక్టోబరులో మన ఆర్టియాగాయే ఇంకా పైకి పోయాడు. బిగుసుకుపోకుండా సరిచేసిన క్యాట్రిడ్జి మీద 255 దాటేసరికి ఆట గిర్రున తిరిగి సున్నా లెవెల్‌కి వచ్చింది. దీన్ని వాళ్ళు పునర్జన్మ అంటారు. ఆ దారిలో 235వ లెవెల్ ఒక్కటీ చూడదగ్గది. మిగతావి పదేసి వరసలకి వదిలేస్తే, అది మాత్రం ప్రోగ్రాములో ఉన్న తప్పు వల్ల 810 వరసలు పూర్తి చేస్తే గానీ కదలనివ్వదు. ఫైలు ఎక్కడ ఆగుతుందో తెలిసినవాళ్ళకి ఆ అంకె చూడగానే ఏ ఆఫీసు గుర్తొస్తుందో నేను చెప్పను.

మిగతా రూల్సు కూడా తీసిపారేయదగ్గవి కావు. మ్యాచిలో ఇద్దరికీ ఒకే ముక్కలు, ఒకే వరస క్రమంలో వస్తాయి. ఓడినవాడు "నాకు టఫ్ పేపరొచ్చింది" అనడానికి వీల్లేదు. పొద్దున షిఫ్టుకొక పేపరు, మధ్యాహ్నం షిఫ్టుకొక పేపరు ఇచ్చి, ఆపైన నార్మలైజేషన్ చేసి, దశాంశం తర్వాత ఏడు అంకెలతో పర్సంటైల్ చేతిలో పెట్టే మన ఎంట్రన్సుల వాళ్ళు ఒకసారి వెళ్ళి చూసి రావచ్చు, టీఏ డీఏలు ఎలాగూ ఉంటాయి.

స్కోరులో మజా అంతా పొడుగు ముక్కది. ఒక వరస తీస్తే 40, నాలుగు ఒక్క దెబ్బకి తీస్తే 1200, దాన్ని లెవెల్ అంకెకి ఒకటి కలిపి హెచ్చిస్తారు. 18వ లెవెల్‌లో ఒక్క దెబ్బకి 22,800. నాలుగూ ఒకేసారి తీయగలిగేది పొడుగు ముక్క ఒక్కటే. అది ఎప్పుడొస్తుందో ఈ పాత క్యాట్రిడ్జి ఏ హామీ ఇవ్వదు. తర్వాత వచ్చిన టెట్రిస్‌లలో ఏడు రకాల ముక్కలూ తలా ఒకటి పంచాకే రెండో విడత, ఇందులో అలాంటి సంక్షేమం లేదు. 13 ముక్కలు పడ్డా పొడుగుది రాకపోతే ప్రసారంలో తెర మీద కరువు లెక్క వెలుగుతుంది, 14, 15, 16 అని అందరి ఎదుటా పెరుగుతుంది. మన దగ్గర కరువు మండలాల జాబితా బయటికి రావాలంటే వానలు పోవాలి, పంట పోవాలి, నివేదికలు పోవాలి, కేంద్ర బృందం వచ్చి ఎండిన చేను పక్కన ఫొటో దిగిపోవాలి. అక్కడ 13 ముక్కలు చాలు.

ఇంకో రూలు ఉంది, అది నాకు మరీ ఇష్టం. ఎక్కువ స్కోరున్నవాడు ముందే పోతే మ్యాచి ఆగదు. బతికున్నవాడు ఆ స్కోరుని దాటేదాకా ఒంటరిగా ఆడాలి. పోయినవాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుని చూస్తాడు. దాటలేకపోతే పోయినవాడే విజేత.

ఈ నియమావళిలో ఒక్క లోపం మాత్రం సవినయంగా మనవి చేయాలి. ప్రతి సవరణా పిల్లలు చేసిన ఘనకార్యం తర్వాతే వస్తోంది. 999,999 గొప్ప అనుకుంటే దాన్ని ఎన్నిసార్లు కొట్టావని లెక్కపెట్టుకునే రోజులొచ్చాయి. 29 చావు అనుకుంటే 39 కావలసొచ్చింది. రేపు 39లోనూ ఎవడో కాపురం పెడతాడు, అప్పుడు పెద్దలు మళ్ళీ కూర్చుని 49 అంటారు. దీనికి విరుగుడు ఒక్కటే. సవరణల కమిటీ సభ్యులకి గరిష్ఠ వయసు 13గా పెట్టాలి. రేపు ఏం చేయబోతున్నారో వాళ్ళకి ఇవాళే తెలుసు గనక రూలు ఆ ముందు రోజే తయారవుతుంది. అధ్యక్ష స్థానంలో ఎవరిదైనా అమ్మ ఉంటే సమావేశం సమయానికి ముగుస్తుంది. సమావేశాలు మాత్రం ఆదివారాలే పెట్టాలి, మిగతా రోజుల్లో సభ్యులకి స్కూలు, ట్యూషను ఉంటాయి.