పెద్ద హాలు, వెయ్యి మంది గ్రూపు ఉంటే కమ్యూనిటీ అయిపోదు: నల్గొండ నుంచి ఒక జవాబు

డిజిటల్ మార్కెటింగ్ చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, ఏ ఊరి గ్రూపు తెరిచినా ఎవరో ఒకరు దాన్ని ఫార్వర్డ్ చేసే ఉంటారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "జిల్లాల్లో మార్కెటింగ్ మీటప్‌లు పెట్టడం టైమ్ వేస్ట్. కమ్యూనిటీ అనేది హైదరాబాద్‌లోనే తయారవుతుంది. పేరున్న స్పీకర్, పెద్ద హాలు, ఆ తర్వాత వెయ్యి మందితో ఒక వాట్సాప్ గ్రూపు. ఇవి ఉంటే కమ్యూనిటీ దానంతట అదే నిలబడుతుంది. టికెట్ గట్టిగా పెట్టకపోతే ఎవరూ విలువ ఇవ్వరు. చిన్న ఊళ్లో అందరూ పోటీదారులే, ఎవరూ ఏదీ పంచుకోరు. పైగా అంతా యూట్యూబ్‌లో, ఏఐలో దొరుకుతుంటే కలవాల్సిన పనేముంది?"

జిల్లాల్లో పెట్టిన ఈవెంట్లు చాలావరకు ఒక్కసారితో ఆగిపోయిన మాట నిజమే. స్టేజీ మీద సన్మానం, గ్రూపు ఫొటో, మరుసటి రోజు పేపర్లో చిన్న వార్త, అంతే. కానీ అవి ఆగిపోయింది ఊరు చిన్నదని కాదు. అసలు కారణం పట్టుకోకుండా ఈ మెసేజ్‌ను నమ్మితే, మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో చదువు పూర్తిచేసిన పిల్లలు "ఇక్కడ మనవాళ్లెవరూ లేరు" అనుకుని అమీర్‌పేట హాస్టల్‌కు బట్టలు సర్దుకుంటారు. ఇప్పటికే సర్దుకుంటున్నారు. అందుకే దీనికి జవాబు రాస్తున్నాను.

మొదట "హైదరాబాద్‌లోనే" అన్న మాట. బ్రిటన్‌లో బ్రైటన్ అని సముద్రం ఒడ్డున ఒక పట్టణం ఉంది. లండన్ నుంచి రైల్లో సుమారు గంట ప్రయాణం. 2010లో అక్కడ సెర్చ్ మార్కెటింగ్ (గూగుల్ లాంటి వాటిలో వెతికినప్పుడు తమ క్లయింట్ల వెబ్‌సైట్ కనిపించేలా చూసే పని) చేసే కొద్దిమంది ఒక పబ్ పైగదిలో కూర్చుని పని గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దాని పేరు బ్రైటన్ ఎస్ఈఓ. ఇప్పుడు అది ఏడాదికి రెండుసార్లు, వేల మందితో జరుగుతుంది. రాజధానిలో ఉన్నవాళ్లే రైలెక్కి ఆ పట్టణానికి వస్తారు. 2023 నుంచి అమెరికాలోని శాన్ డియాగోలోనూ జరుపుతున్నారు. పబ్‌కాన్ అనే ఇంకో పెద్ద సదస్సు కూడా అంతే. వెబ్‌సైట్లు నడిపే కొందరు 2000లో లండన్‌లోని ఒక పబ్‌లో కలుసుకోవడంతో మొదలైంది కాబట్టే దానికి ఆ పేరు. ఈ రెండూ పెద్ద హాలుతో మొదలైనవి కావు. ఒకే పని చేసే కొద్దిమంది మళ్లీ మళ్లీ కలవడంతో మొదలయ్యాయి.

అంత దూరం పోనక్కర్లేదు. నిజాం కాలంలో తెలంగాణలోని తెలుగువాళ్లు పెట్టుకున్న సంస్థ ఆంధ్ర మహాసభ. దాని సమావేశాలు ఎక్కడ జరిగాయో చూడండి. 1930లో జోగిపేట, 1931లో దేవరకొండ, 1936లో షాద్‌నగర్, 1941లో చిలుకూరు, 1944లో భువనగిరి. రోడ్లు సరిగ్గా లేని రోజుల్లో, ఫోన్ సంగతే తెలియని ఊళ్లలో, వందల మంది కలిసి తమ భాష గురించి, చదువు గురించి మాట్లాడుకున్నారు. ఆ మనుషులను ఒకటిగా ఉంచింది ఆ రెండు మూడు రోజుల సభ ఒక్కటే కాదు. సభకూ సభకూ మధ్య గ్రంథాలయాలు నడిచాయి, పత్రికలు తిరిగాయి, ఉత్తరాలు నడిచాయి. దేవరకొండలో అది సాధ్యమైనప్పుడు, హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరంలో, చేతిలో ఫోన్ పెట్టుకుని ఉన్న మనకు సాధ్యం కాదనడం మన నేలను మనం తక్కువ చేసుకోవడమే. హాలు లేదన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. మహబూబ్‌నగర్‌లో, నల్గొండలో ఐటీ టవర్లు 2023లోనే తెరిచారు. అవి దొరకకపోతే కాలేజీ తరగతి గది చాలు.

"పేరున్న స్పీకర్, పెద్ద హాలు" దగ్గరకు వస్తే ఇంకాస్త వివరంగా మాట్లాడాలి, ఎందుకంటే డబ్బూ శ్రమా ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. పేరున్న వక్త హైదరాబాద్ నుంచి కార్లో వస్తారు, ఏ ఊళ్లో అయినా చెప్పే అవే స్లైడ్లు చూపిస్తారు, "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అంటారు. హాలంతా నిశ్శబ్దం. తర్వాత బయట టీ దగ్గర చూడండి, అసలు ప్రశ్నలన్నీ అక్కడే వస్తాయి. "అన్నా, మా క్లయింట్ యాడ్ అకౌంట్ బ్లాక్ అయింది, ఏం చేయాలె?" "అక్కా, నెలకు ఎంత తీసుకుంటున్నరు? నేను తక్కువ అడుగుతున్ననా?" ఆ టీ సమయాన్ని పదిహేను నిమిషాలకు కుదించి, ఉపన్యాసానికి మూడు గంటలు ఇవ్వడమే మన ఈవెంట్ల జబ్బు. తెలుగులో, చిన్న గుంపులో, తమలాంటి వాళ్ల ముందు అయితే మనవాళ్లు అడుగుతారు, చెబుతారు కూడా.

ఒక ఉదాహరణ చెబుతాను. గూగుల్‌లో బిజినెస్ ప్రొఫైల్ (షాపు పేరు, అడ్రస్, ఫోన్ నంబరు కనిపించే పేజీ) ఉన్న షాపులకు గూగుల్ ఉచితంగా ఒక చిన్న వెబ్‌సైట్ ఇచ్చేది. మన దగ్గర టైలర్ షాపులకు, డెంటల్ క్లినిక్‌లకు, ఫంక్షన్ హాళ్లకు ఉన్న వెబ్‌సైట్ అదొక్కటే. విజిటింగ్ కార్డు మీద, ఫ్లెక్సీ మీద ఆ అడ్రసే వేయించుకున్నారు. 2024 మార్చిలో గూగుల్ వాటిని మూసేసింది. జూన్ 10 దాకా ఆ అడ్రస్ నొక్కిన వాళ్లను ప్రొఫైల్‌కు మళ్లించింది, ఆ తర్వాత అదీ లేదు. జులై 31తో ప్రొఫైల్‌లోని చాట్ కూడా ఆగిపోయింది. అప్పుడు పెద్ద స్పీకర్ ఎవరూ వచ్చి మన టైలర్‌కు చెప్పలేదు. పక్క వీధిలో అదే పని చేసే కుర్రాడు తన క్లయింట్‌కు ఎలా సర్దాడో చూపించడమే ఉపయోగపడింది. ఏ పేజీకి మార్చాలి, ఫ్లెక్సీ మీద క్యూఆర్ కోడ్ ఎలా వేయాలి, ప్రింటింగ్ వాడికి ఫైల్ ఎలా ఇవ్వాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, మనుషులు రెండోసారి కలవడానికి వచ్చేది ఇలాంటి వాటి కోసమే.

వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్) వాళ్ల పద్ధతి ఈ విషయంలో నాకు బాగా నచ్చుతుంది. 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి వర్డ్‌క్యాంప్, అంటే ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల సభ, జరిగింది. తర్వాత అది ప్రపంచమంతా పాకింది. ఏదైనా ఊరు వర్డ్‌క్యాంప్ పెట్టుకుంటామని అడిగితే, మీ ఊళ్లో స్థానిక మీటప్ సరిగ్గా నడుస్తోందా అని ముందు చూస్తారు. అంటే చిన్న సమావేశాలు ముందు, పెద్ద సభ తర్వాత. ఆ ఫార్వర్డ్ మెసేజ్ దీన్ని తలకిందులుగా చెబుతోంది. వాళ్లు టికెట్ ధర కూడా కావాలనే తక్కువగా ఉంచుతారు. "టికెట్ గట్టిగా పెట్టకపోతే విలువ ఉండదు" అనేవాళ్లకు ఇదే జవాబు. బ్రైటన్ సదస్సు కూడా ఎన్నో ఏళ్లుగా కొన్ని టికెట్లు లాటరీ పద్ధతిలో ఉచితంగా ఇస్తోంది, దాని విలువ ఏమీ పడిపోలేదు. టీ ఖర్చు, గది ఖర్చు అందరూ పంచుకుంటే చాలు. టికెట్ పెంచాలని గట్టిగా చెప్పేవాళ్లలో చాలామంది ఆ హాల్లోనే కోర్సు అమ్మేవాళ్లు. "జాబ్ గ్యారంటీ" అని రాసిన స్టాండీ పక్కన కమ్యూనిటీ పుట్టదు. వచ్చినవాళ్లకు తాము కస్టమర్లమని తెలిసిపోతుంది.

వాట్సాప్ గ్రూపు సంగతి త్వరగా ముగిస్తాను. ఒక గ్రూపులో 1024 మందిని చేర్చుకునే వీలు ఉంది కదా అని నింపేస్తే, మూడో వారానికి గుడ్ మార్నింగ్‌లు, వెబినార్ లింకులు, లోన్ యాప్ యాడ్‌లు మిగులుతాయి. అందరూ మ్యూట్‌లో పెడతారు. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. వాటిలోని కమ్యూనిటీలూ వాటితోనే పోయాయి. బయట ఒకరినొకరు కలుసుకున్న వాళ్ల స్నేహాలే మిగిలాయి. గ్రూపు ఉండాలి, తేదీ చెప్పడానికి, అడ్రస్ పంపడానికి. అంతకు మించి దాని మీద బరువు పెట్టకూడదు.

"చిన్న ఊళ్లో అందరూ పోటీదారులే" అన్న మాట నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే ఇందులో కొంత భయం నిజమైనదే. ఒకే ఆసుపత్రి పేజీ కోసం ఇద్దరు కుర్రాళ్లు రేటు తగ్గించుకుంటూ పోయి, చివరికి ఇద్దరూ నష్టపోయిన సందర్భాలు మన దగ్గర ఉన్నాయి. అయితే అది జరిగింది వాళ్లిద్దరూ ఎప్పుడూ కలవలేదు కాబట్టి. రేటు ఎంతో ఒకరికొకరికి తెలియదు కాబట్టి. నిజానికి మన పనులు వేర్వేరు. ఒకరు జడ్చర్ల, షాద్‌నగర్ వైపు ప్లాట్ల యాడ్‌లు చేస్తారు. ఇంకొకరు మిర్యాలగూడ రైస్ మిల్లులకు పనిచేస్తారు. ఒక అమ్మాయి గద్వాల చీరలకు ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడుపుతుంది, మరొకరు నారాయణపేట చీరలకు. ఈ చివరి ఇద్దరూ పోటీదారులనే అనుకుందాం. వాళ్ల అసలు శత్రువు ఎవరు? మగ్గం మీద నేసిన చీర పేరు పెట్టుకుని ఆన్‌లైన్‌లో సగం ధరకు అమ్ముడయ్యే ప్రింట్ చీర. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే జీఐ గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందన్న గుర్తింపు) వచ్చింది, తర్వాత గద్వాలకూ నారాయణపేటకూ వచ్చింది. అయినా నకిలీ ఆగలేదు. అసలు నేతను వీడియోలో ఎలా చూపిస్తే కొనేవాళ్లు నమ్ముతారు, జీఐ గురించి రెండు మాటల్లో ఎలా చెప్పాలి, నకిలీ లిస్టింగ్ మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలి అన్నవి ఇద్దరూ కూర్చుని పరిష్కరించుకోవాల్సిన విషయాలు. ఒక్క నియమం చాలు: క్లయింట్ పేరు అడగొద్దు, చెప్పొద్దు, ఒకరి క్లయింట్‌కు ఇంకొకరు ఫోన్ చేయొద్దు. పని ఎలా చేశామో మాత్రం దాచొద్దు. ఆ నియమాన్ని మొదటి సమావేశంలోనే అందరి ముందు చెప్పాలి, తప్పినవాళ్లను మొహమాటం లేకుండా పక్కన పెట్టాలి.

యూట్యూబ్, ఏఐ విషయం. నేను కూడా రోజూ రెండూ వాడతాను. కానీ గూగుల్ ప్రొఫైల్ వెరిఫికేషన్ కోసం షాపు వీడియో తీసి పంపమన్నప్పుడు, బోర్డు మీద ఒక పేరు, జీఎస్టీలో ఇంకో పేరు, ఊరంతా పిలిచే పేరు మరొకటి ఉన్న కిరాణా షాపును ఎలా గట్టెక్కించాలో ఏ వీడియోలోనూ ఉండదు. వడ్ల డబ్బులు అకౌంట్లో పడే వారాల్లో బైక్ షోరూం యాడ్‌కు ఎంత పెంచాలి, చెర్వుగట్టు జాతర, కురుమూర్తి జాతర రోజుల్లో ఎవరు ఎక్కడి నుంచి ఫోన్ చూస్తుంటారు, మనవాళ్లు ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు ఎలా టైప్ చేసి వెతుకుతారు అన్న జ్ఞానం ఇక్కడ పనిచేసే వాళ్ల తలల్లోనే ఉంది. కలిస్తేనే అది బయటకు వస్తుంది.

అన్నింటికన్నా నష్టం చేసే మాట "దానంతట అదే నిలబడుతుంది" అన్నది. ఏదీ అలా నిలబడదు. మన ఊళ్లలో మహిళల పొదుపు సంఘాలు చూడండి. పది పదిహేను మంది, నెలలో ఒక ఖాయమైన తేదీ, ఎవరు వచ్చారో రాసుకునే పుస్తకం. రానివాళ్ల ఇంటికి ఎవరో ఒకరు వెళ్లి అడుగుతారు. మార్కెటింగ్ వాళ్ల సమావేశానికీ అంతే కావాలి. ప్రతి నెలా అదే ఆదివారం, అదే చోటు. మొదటిసారి ఎంతమంది వచ్చారన్నది లెక్కలోకి రాదు. మూడోసారి ఎంతమంది తిరిగి వచ్చారు, మధ్యలో ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఎవరి ద్వారా ఎవరికి పని దొరికింది అన్నదే చూడాలి. రానివాళ్లకు నిర్వాహకుడు స్వయంగా ఫోన్ చేయాలి, బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ కాదు.

టైమింగ్ కూడా ఆలోచించి పెట్టాలి. సాయంత్రం ఆరింటికి పెడితే హాలియా నుంచో దేవరకొండ నుంచో అమ్మాయిలు రాలేరు. ఉదయం పదిన్నరకు మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ముగించి, బస్టాండ్‌కు నడిచి వెళ్లగలిగే చోట పెడితే వస్తారు. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం కాబట్టి చార్జీల సమస్య తీరింది. ఇక అడ్డు వచ్చేది మనం పెట్టే వేళలే.

ఇంకో మాట, నిర్వాహకుడి గురించి. ఒకే మనిషి గది చూసి, టీ తెప్పించి, మెసేజ్‌లు పెట్టి, వక్తను వెతికి, ఏడాది తిరిగేసరికి అలసిపోతాడు. అతను ఆగితే అంతా ఆగిపోతుంది. మహాసభ వాళ్లు ఊరు మార్చినట్టే అధ్యక్షుడినీ మార్చారు. జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి, దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు, షాద్‌నగర్‌లో కొండా వెంకట రంగారెడ్డి. మనం కూడా సమావేశం ముగించే ముందే వచ్చే నెల ఎవరు నడుపుతారో, ఏ సమస్య మీద కూర్చుంటామో పేరు పెట్టి తేల్చుకోవాలి. కొత్తగా వచ్చిన వాళ్లకే ముందు ఆ అవకాశం ఇవ్వాలి.