కెమెరా గేటు మీద పెట్టండి, మా గుమ్మం మీద కాదు

గేటు దగ్గర, పార్కింగ్‌లో, మెట్ల కింద మీటర్ బోర్డుల దగ్గర కెమెరాలు పెట్టండి. అద్దెకున్నవాళ్లెవరూ వద్దనరు. బండి పోతే పోయేది మాదే. నా గొడవంతా ల్యాండింగ్‌లో, సరిగ్గా అద్దె పోర్షన్ గుమ్మానికి ఎదురుగా బిగించే కెమెరా గురించే.

హైదరాబాద్‌లో మేముండే బిల్డింగ్‌లో అదే చేశారు. కింద ఓనర్లు, పైన మేం. వీధిలో ఎవరింట్లోనో దొంగలు పడ్డారని పెట్టించారు, సరే. కానీ అది ఉన్న చోటు నుంచి మా తలుపు తీస్తే హాలు, సోఫా, బెడ్‌రూం కర్టెన్ దాకా కనిపిస్తుంది. ఎండాకాలం సాయంత్రాలు గాలి కోసం తలుపు తీసి పెట్టుకునేవాళ్లం, మానేశాం. మా ఆవిడ చెత్తబుట్ట బయట పెట్టాలన్నా నైటీ మీద చున్నీ వెతుక్కుంటుంది. మనిషి కదిలితే చాలు, ఓనర్ గారి ఫోన్‌కి నోటిఫికేషన్ వెళ్తుంది. మా తమ్ముడు ఊరి నుంచి వస్తే తెల్లారేసరికి ఫోన్: "రాత్రి వచ్చినాయన ఎన్నాళ్లుంటారండీ? నీళ్లు చాలవు కదా." ఇంకా ఘోరం, పక్క పోర్షన్‌లో ఉద్యోగం చేసుకునే అమ్మాయిలు రాత్రి ఎన్నింటికి వచ్చారో, ఎవరు దింపి వెళ్లారో మెట్ల దగ్గర నలుగురి ముందు మాట్లాడతారు. దొంగను పట్టుకోవడానికి పెట్టినదానితో ఆడపిల్లల రాకపోకలు లెక్కపెడుతున్నారు.

కెమెరా బిగించిన కుర్రాణ్ణే అడిగాను. వీడియో రికార్డు చేసే పెట్టె (డీవీఆర్) సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుందట. మౌస్‌తో మా తలుపున్న మేర నల్లటి డబ్బా గీస్తే మెట్లు కనిపిస్తాయి, గుమ్మం కనపడదు. పైసా ఖర్చు లేదు. ఈ మాట ఓనర్ గారికి చెబితే, "దాచుకునేదేముంది మీకు?" అన్నారు. ఆ మాటకి ఒళ్లు మండింది. దాచుకునేది ఉన్నా లేకపోయినా, మా ఇంట్లో ఎవరు ఎలా కూర్చున్నారో ఇంకొకరి ఫోన్లో కనిపించకూడదు, అంతే.

"నా ఇల్లు, నా ఇష్టం" అనేవాళ్లు కోల్‌కతాలో ఇద్దరు అన్నదమ్ముల కేసు తెలుసుకోవాలి. ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఒకరి ఒప్పుకోలు లేకుండా ఇంకొకరు నివాస భాగంలో కెమెరాలు నడపడం కుదరదని కలకత్తా హైకోర్టు చెప్పింది. 2025లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. తోడబుట్టినవాడికే లేని హక్కు అద్దె వసూలు చేసే ఓనర్‌కి ఎక్కడి నుంచి వస్తుంది? రెండు రాత్రులు ఉండి వెళ్లే అతిథి కోసం, ఇళ్లని రోజుల లెక్కన అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలే వద్దంది. 11 నెలల అగ్రిమెంట్ రాసుకుని, రెండు నెలల అడ్వాన్స్ కట్టిన మాకు ఆపాటి మర్యాద లేదు.

హైదరాబాద్ మధురానగర్‌లో ఒక అద్దె ఇంటి బాత్రూం బల్బు హోల్డర్‌లో రహస్య కెమెరా బయటపడినప్పుడు అందరం మండిపడ్డాం. అది నేరం, పోలీసులు చూసుకుంటారు. ల్యాండింగ్ కెమెరా మాత్రం అందరికీ కనబడుతూనే ఉంటుంది కాబట్టి తప్పని ఎవరికీ అనిపించదు.

ఓనర్ మంచివారే అనుకుందాం. ఆ రికార్డింగు ఆయన ఒక్కరి దగ్గరే ఉంటుందా? ఇంట్లో పిల్లల ఫోన్లలో యాప్ ఉంటుంది. చాలాచోట్ల బిగించినవాళ్లు పెట్టిన పాస్‌వర్డే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల వీడియోలు బయటికి పోయి ఆన్‌లైన్‌లో అమ్ముడైన సంగతి 2025లోనే చూశాం. ఆసుపత్రికే దిక్కులేకపోతే మన బిల్డింగ్ వైఫై సంగతి చెప్పాలా? పైగా వైఫై కెమెరాల్లో చాలావాటికి మైకు కూడా ఉంటుంది. గుమ్మంలో నిలబడి ఫోన్ మాట్లాడితే మాటలు కూడా రికార్డవుతాయి. ఇది చాలామంది అద్దెవాళ్లకి తెలియదు.

అందుకే అగ్రిమెంట్‌లో నీళ్ల ఛార్జీ, పెయింటింగ్ ఖర్చు రాసినట్టే ఇవీ రాయించుకోవాలి: కెమెరాలు ఎటు తిరిగి ఉంటాయి, మైకు ఆపేశారా, ఎవరెవరు చూస్తారు, ఎన్ని రోజులకి చెరిపేస్తారు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు కుళాయి తిప్పి చూస్తారు కదా, అలాగే గుమ్మంలో నిలబడి ఓసారి పైకి కూడా చూడండి. కెమెరా మీ వైపుంటే అడ్వాన్స్ ఇవ్వకముందే పక్కకి తిప్పించండి.